ప్రాసెసరుకు పేస్టు రాసిన వైనం

ఆ రోజుల్లో అనగానే ఎడ్లబళ్ళ కాలం అనుకోకండి, మొన్నమొన్నటి సంగతే. కాకపోతే అది నా కుర్రతనం. అందరికీ పదిహేనూ పదహారేళ్ళకి వచ్చేది నాకు నెత్తి నెరిశాక వచ్చింది. రావలసినప్పుడు నేను ఆగిరిపల్లి తోటల్లో కాయలు ఏరుతున్నాను, అప్పుడు దాంతో ఆడుకునే తీరిక నాకెక్కడిది? అక్షరాలూ అంతే. మా అమ్మాయి కూతురు ఒకటో తరగతి పుస్తకం ముందేసుకుని దిద్దుతుంటే పక్కన కూర్చుని నేనూ దిద్దాను. (అది పై తరగతులకి వెళ్ళిపోయింది. నేను ఒత్తుల దగ్గర చాలాకాలం ఉండిపోయాను.) అందుకని నా రాతలో నగిషీలుండవు, జరిగింది జరిగినట్టు చెప్తాను.

ఆ మనవరాలే పెద్దదై నూజివీడులో డిప్లొమా చదువుకోడానికి మా ఇంట్లో దిగింది. వస్తూ ఒక కంప్యూటరు తెచ్చుకుంది. ఒక్కో భాగం ఒక్కోచోట పాతది కొని, తనే బిగించుకున్న బండి. తను కాలేజీకి పోయాక కంప్యూటరు ఇంట్లో ఊరికే పడి ఉంటుందని నాకు ఒక లారీ ఆట నేర్పింది. లోడెత్తుకుని ఘాట్ రోడ్డు మీదుగా కొండెక్కించాలి, అంతే ఆట. నేను దాని మీద పడ్డాను. అన్నం మాడినా లేవలేదు. ఎందుకంటే మా ఆయన బతుకంతా మామిడికాయల లారీ తోలినవాడు. కాపురానికి వచ్చిన కొత్తలో "ఒక్కసారి ఆ స్టీరింగు ముందు కూర్చోనీవయ్యా" అని అడిగితే "ఉయ్యాల అనుకున్నావేంటే?" అన్నాడు. ఆ తర్వాత నేను అడగలేదు, ఆయన రమ్మనలేదు.

ఆట బాగానే సాగేది గానీ, పెద్ద మలుపు దగ్గరికి వచ్చేసరికి బొమ్మ బిగుసుకుపోయేది. మళ్ళీ కదిలేటప్పటికి నా లారీ లోయలో బోర్లా పడి ఉండేది. మంచం మీద పడుకుని చూస్తున్న మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

"నా తప్పేం లేదు, కంప్యూటరు ఆగిపోయింది" అనేదాన్ని.

"తోలడం రానివాళ్ళంతా బండినే తిడతారే. ఆ లోడు కొండ మీదికి చేర్చి చూపించు, నువ్వు డ్రైవరువేనని ఒప్పుకుంటా."

ఇంక నాకు నిద్ర పడితే ఒట్టు. ఎలాగైనా ఆ మాట ఆయన నోటితో అనిపించాలి. మనవరాలిని పట్టుకుని బండికి రోగమేంటో చెప్పమన్నాను.

"ప్రాసెసరు చిన్నది అమ్మమ్మా. దీంట్లో రెండు కోర్లే ఉన్నాయి. అంటే పెద్ద తోటలో కాయ దించడానికి ఇద్దరే కూలీలు దిగారనుకో. ఆరు కోర్లది వేస్తే ఆరుగురు దిగినట్టు."

ఓస్, ఇంతేనా! ముఠా చాలకపోతే తోట ఎలా దిగుతుంది? మనుషుల్ని పెంచాల్సిందే. అయితే ఆరుగురి ముఠా ఊరికే రాదు కదా. మా దగ్గర ఒక పద్ధతుంది. గాలిదుమారానికి రాలిన పచ్చికాయలు తోటలో పనిచేసే ఆడవాళ్ళవి, తోట కౌలుకి తీసుకున్నాయన వాటికి అడ్డు చెప్పడు. ఆ ఏడు గాలి నా పక్షాన వీచింది. ఆ కాయలన్నీ చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పేసి ఎండబెట్టి ఒరుగులు చేసి అమ్మాను. (పప్పులోకి ఒక్క ఒరుగు మిగల్చలేదని మా ఆయన చాలాకాలం సాధించాడు.) ఆ డబ్బు చెంగున ముడేసుకుని మనవరాలితో హనుమాన్ జంక్షన్ బస్సెక్కాను.

అక్కడ పాత కంప్యూటరు సామాన్లు అమ్మే షాపతను నన్ను ఎగాదిగా చూసి, "గేమింగ్ ఎవరికమ్మా, మనవడికా?" అన్నాడు.

"నాకే. లారీ తోలాలి."

అతను నవ్వు ఆపుకుంటూ లోపల్నించి ఒకటి తెచ్చాడు. బిస్కెట్టంత పలక. కింద సన్నసన్నటి సూదులు, గోరింటాకు పెట్టుకునే పుల్లకన్నా సన్నం. ఇందులో ఆరుగురు ఎలా పట్టారో దేవుడికే తెలియాలి. నేను బేరమాడుతుంటే మనవరాలు సిగ్గుతో గోడవైపు తిరిగింది. చివరికి షాపతను దిగివచ్చి, "పాత సరుకమ్మా, మళ్ళీ వాపసు తీసుకోను" అంటూ ఒక చిన్న ట్యూబు కూడా ఊరికే ఇచ్చాడు. "ఈ పేస్టు రాసి పైన ఫ్యాను బిగించాలి. లేకపోతే వేడెక్కి ఆగిపోతుంది. బఠాణీ గింజంత చాలు" అన్నాడు.

ఇంటికొచ్చాం. మనవరాలు పాత ప్రాసెసరు ఊడదీసి, సన్న స్క్రూడ్రైవరు కోసం పక్కింటికి వెళ్ళింది. నేను ఊరుకోవాలి కదా, ఊరుకోలేదు. మేం తోటల్లో కాయ దిగాక కొమ్మలు కత్తిరించి, కోసినచోటా మొదళ్ళకీ మందు పేస్టు పూస్తాం. వేలెడంత ఖాళీ వదిలితే మేస్త్రి చివాట్లు పెడతాడు, అక్కడినుంచే పురుగు దిగుతుందని. ఏళ్ళ తరబడి పూసిన చెయ్యి ఇది. ఎవడైనా బఠాణీ గింజంత రాస్తాడా? షాపతను పిసినారి అనుకుని, ట్యూబంతా పిండి పైనా కిందా అంచులా పూసేశాను. సూదుల మధ్య వేలు దూరకపోతే చీపురుపుల్లతో కూరాను.

మనవరాలు వచ్చి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మమ్మా, ఏం చేశావ్?"

"పూశాను. ఎక్కడైనా ఖాళీ ఉందేమో చూడు."

అది చూసింది. కూలబడింది. ఏడుపో నవ్వో తెలియని గొంతుతో, "ఒకవైపే రాయాలి, కొంచెమే రాయాలి అమ్మమ్మా! సూదులు ఒంగితే ఇది పోయినట్టే" అంది. అప్పుడు లెక్క చూసుకున్నాను. వాపసు లేదు. కాయల కాలం అయిపోయింది. ఒరుగులూ లేవు, డబ్బూ లేదు.

మా ఆయన లేచి వచ్చి, దాన్ని వెలుతురులో పెట్టి చూసి, దగ్గొచ్చేదాకా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని చొక్కా వేసుకున్నాడు.

"ఎక్కడికయ్యా?"

"మందుల షాపుకి. స్పిరిట్ తేవాలి. ఇది నడవకపోతే నువ్వు చచ్చేదాకా కంప్యూటరుదే తప్పంటావు. నువ్వు న్యాయంగా ఓడిపోవాలి నాకు."

స్పిరిట్‌తోపాటు చంటిపిల్లల పళ్ళ బ్రష్షు కూడా తెచ్చాడు, మెత్తగా ఉంటుందని. (ఎంత వయసు పిల్లకండీ అని మందుల షాపతను అడిగితే, మా ఆవిడకి అన్నాడట.) మనవరాలు ఊపిరి బిగబట్టి సూదుల వరసల మధ్య మెల్లగా తోముతుంటే, ఆయన ఫోను లైటు పట్టుకుని నిలబడ్డాడు. నన్ను మాత్రం దగ్గరికి రానివ్వలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి, తెలిసిన దేవుళ్ళందరికీ దండాలు పెట్టాను. పైన బఠాణీ గింజంత పేస్టు మాత్రం ఉంచి, మిగతాదంతా ఆరాక ఫ్యానుతో బిగించి బటన్ నొక్కితే, ఫ్యాను ఝామ్మని తిరిగి తెర వెలిగింది. ముగ్గురం ఒకేసారి అరిచాం.

నేను కూర్చున్నాను. లోడెత్తుకున్నాను. పెద్ద మలుపు వచ్చింది. బొమ్మ ఆగలేదు, నీళ్ళలా సాగింది. నీళ్ళలా సాగి లారీ లోయలోకి దిగింది.

నేను బటన్ల మీంచి చేతులు తీసేశాను.

"ఈసారి నేనే పడ్డాను" అన్నాను.

"గేరు తగ్గించకుండా మలుపు తిప్పుతారా? లే, నేను చూపిస్తా" అని ఆయన కూర్చున్నాడు. లేచి చూస్తే, బతుకంతా తోలిన డ్రైవరు మొదటి మలుపులోనే రెయిలింగు విరగ్గొట్టుకుని పోయాడు. "బటన్లు నొక్కి తోలేది లారీయేంటే?" అంటూ కుర్చీ నాకిచ్చి, పక్కన ముక్కాలిపీట లాక్కున్నాడు. "ఇప్పుడు గేరు తగ్గించు. తొందరపడకు. ఎదురుగా బస్సు, ఎడమకి. ఆఁ, ఇప్పుడు పోనీ." క్లీనరు తలుపు కొట్టినట్టు బల్ల మీద అరచేత్తో కొడుతున్నాడు. "పోనీ, డ్రైవరూ, పోనీ!"

ఎక్కించాను. మనవరాలు ఈల వేసింది. కొండ మీద లారీ ఆపితే కిందంతా లోయలు, పచ్చటి అడవి. "ఇక్కడ టీ దొరుకుతుందా?" అన్నాడాయన. సంబరంలో నేను లేచి టీ పెట్టడానికి పోయాను. నేను పాలు పొయ్యి మీద పెట్టేలోపు నా లారీ లోడుతో సహా వెనక్కి జారి, ఎక్కిన కొండంతా దిగిపోయింది. ఎవరూ ఆపలేదు. ఇద్దరూ నవ్వుతూ చూస్తూ కూర్చున్నారు.

ఇప్పుడు కళ్ళు లాగుతున్నాయి, ఎప్పుడో ఒకసారి ఆడతాను. బుద్ధిగా తోలతాను, లేచేముందు హ్యాండ్ బ్రేకు వేస్తాను. వేసినప్పుడల్లా, అది వెయ్యడం మర్చిపోయి టీ కోసం పరిగెత్తిన ఆ కుర్రమనిషి గుర్తొచ్చి, కొంచెం నవ్వుకుని, కొంచెం కుళ్ళుకుంటాను.