మందు పెట్టని కోళ్లు

ఇరవై రెండేళ్లలో తన చేతిమీదుగా ఎన్ని కోళ్లు మందునీళ్లు తాగాయో భాస్కరరావుకే తెలియదు. తాడేపల్లిగూడెం అవతల ఒక పెద్ద ఫారంలో ఆయన సూపర్‌వైజరు. ఇనప పంజరాల్లో వరసగా నిలబడ్డ గుడ్ల కోళ్లకు రోగం రాకముందే, రాకూడదని, నీళ్ల డ్రమ్ములో యాంటీబయాటిక్ పొడి కలపడం ఆయన రోజువారీ పని. అది తప్పని ఎవరూ అనలేదు. ఆయనకూ అనిపించలేదు.

మూడేళ్ల కిందట కూతురు ప్రీతికి కిడ్నీకి చీము పట్టి, ఎంతకీ జ్వరం దిగలేదు. ఏలూరు ఆసుపత్రిలో చేర్చారు. ఆ చీములోని క్రిమి ఏ మందుకు లొంగుతుందో పరీక్ష చేసి, కాగితం తండ్రి చేతికిచ్చారు. పదమూడు మందుల పేర్లున్నాయి. తొమ్మిదింటి ఎదురుగా పనిచేయదని ఉంది. ఆ తొమ్మిదిలో మూడింటిని భాస్కరరావు డబ్బా రంగుతో సహా ఎరుగును. కోళ్లకు రోజూ పోసే మందులకు అలవాటుపడే ఈ క్రిమి మొండికేసిందా అని డాక్టరుని అడిగాడు. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరన్నాడు డాక్టరు. ఔనన్నా, కాదన్నా బావుండేది. పదో మందుకి పిల్ల దక్కింది. భాస్కరరావు మళ్లీ ఫారం గడప తొక్కలేదు.

నల్లజర్ల దగ్గర భార్య సత్యవేణికి పుట్టింటివారిచ్చిన ఎకరం పామాయిల్ తోట ఉంది. అందులో షెడ్డు వేసి ఆరువందల కోళ్లను వదిలాడు. పగలంతా చెట్ల కింద కాలు దువ్వుకుంటూ తిరిగేవి. సాయంత్రానికి వరి ఊక పరిచిన షెడ్డులోకి వాటంతటవే చేరేవి. మొక్కజొన్న, తవుడు, ఎండుచేపల పొడి ఇంటిదగ్గరే కలిపేవారు. ఏలూరు పవర్‌పేటలో కొట్టున్న ఆంజనేయప్రసాద్ మందుల్లేని గుడ్లని బోర్డు పెట్టి అమ్మేవాడు. రెండేళ్లు బాగానే జరిగింది.

నిరుడు భాద్రపదంలో పట్టిన ముసురు వారమైనా వదల్లేదు. తోటంతా నీరు నిలిచింది. తెరిపిచ్చిన రోజు ఉదయం షెడ్డు తలుపు తీస్తే ఆరు కోళ్లు చచ్చిపడి ఉన్నాయి. మర్నాటికి ముప్ఫై. మిగిలినవాటిలో కొన్ని, నెత్తిమీది ఎర్ర తురాయి నల్లబడి, గడ్డం కింద తోలు వాచి, ఆకుపచ్చగా పారుకుంటున్నాయి. ఇదేం రోగమో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. అయినా పశువుల డాక్టరు చాందినిని పిలిపించాడు. ఆవిడ ఒక కోడిని కోసి చూసి కోళ్ల కలరా అని తేల్చారు.

“ఈ రోజే నీళ్లలో మందు కలిపితే చాలావరకు నిలబడతాయండీ. రేపైతే నేను మాటివ్వలేను.”

మందు ఆపాక కూడా కొన్నాళ్లు గుడ్లు అమ్మకూడదని, గోతిలో పూడ్చేయాలని చెప్పి, చీటీ రాసిచ్చి వెళ్లారు.

భాస్కరరావు ఆ చీటీ జేబులో పెట్టుకున్నాడు గానీ మందుల కొట్టుకి కదల్లేదు. వెల్లుల్లి దంచి నీళ్లలో కలిపాడు. పసుపు కలిపాడు. ఊకంతా తీయించి సున్నం చల్లాడు. జబ్బువాటిని వేరు చేశాడు. వేరు చేసినచోట అవి చచ్చిపోతుంటే, బాగున్నాయనుకున్నవి తూలుతున్నాయి. మర్నాడు మధ్యాహ్నానికి చచ్చినవాటికి తవ్విన గొయ్యి చాలక రెండోది తవ్వాల్సి వచ్చింది. నోరులేని జీవాలేం చేశాయండీ అని సత్యవేణి బతిమాలింది. ఆయన రొప్పుతున్న పెట్టనొకదాన్ని ఒళ్లో పెట్టుకుని సున్నం చల్లిన నేల మీద కూలబడ్డాడు. దాని ముక్కులోంచి జిగురు కారి ఆయన పంచె తడిసింది.

ప్రీతి వచ్చి ఎదురుగా కూర్చుంది.

“నాన్నా, ఆ రోజు నాకు పదో మందు వద్దని ఎవరైనా అంటే మీరు ఊరుకునేవారా?”

“నీకూ వీటికీ పోలికేమిటమ్మా.”

“జబ్బు రాకుండానే రోజూ పోయడం తప్పు. జబ్బొచ్చాక పోయకపోవడమూ తప్పే కదా.”

ఒళ్లో పెట్ట మెడ వాల్చేసింది. దాన్ని కింద పెట్టి, మోపెడ్ తీసి మందుల కొట్టుకి వెళ్లాడు. తెచ్చిన పొడి డ్రమ్ములో తనే కలిపాడు. నాలుగో రోజుకి చావులు ఆగాయి. అప్పటికి మిగిలినవి రెండువందల పది. చాందిని చెప్పిన రోజే కలిపి ఉంటే ఎన్ని దక్కేవోనన్న ఆలోచన వచ్చినప్పుడల్లా అన్నం సహించేది కాదు. సత్యవేణి ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే కాస్త ఊపిరాడేదేమో.

గడువయ్యేదాకా గుడ్లన్నీ గోతిలోనే పూడ్చారు. ఆ తర్వాత ఆయన ఏలూరు వెళ్లి ఆంజనేయప్రసాద్‌కి జరిగిందంతా చెప్పాడు. ప్రసాద్ మంచినీళ్లిప్పించి, గొంతు తగ్గించాడు.

“గడువు దాటిపోయింది కదండీ, ఇక దోషమేముంది. మీరు ఎవరితోనూ అనకండి. బోర్డు అలాగే ఉంటుంది.”

“చెప్పకుండా అమ్మేదైతే ఇంతదూరం రానే రానండీ.”

అయితే తన వల్ల కాదని ప్రసాద్ చేతులు జోడించాడు. ఆ మాట మర్యాదగానే అన్నాడు. బస్సులో తిరిగొస్తూ భాస్కరరావు ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

ద్వారకా తిరుమల వెళ్లే రోడ్డు పక్కన గుడ్ల అట్టలు పెట్టుకుని కూర్చుంటే, కొండకి పోయేవాళ్లు గుడ్లను చూసి ఎడంగా నడిచారు. అక్కణ్ణుంచి లేచి నల్లజర్ల సెంటరుకి మారాడు. వానల్లో రోగం వస్తే మందు పెట్టామని, ఆపి నలభై రోజులైందని అట్టముక్క మీద రాసి ముందు పెట్టాడు. చదివినవాళ్లు చదివి వెళ్లిపోయారు. అన్నం తెచ్చిన ప్రీతి అది తీసేయమంది. తీయలేదు. మధ్యాహ్నం ఒక మెస్సు వంటమనిషి రెండట్టలు ఎత్తుకున్నాడు. భాస్కరరావు అతణ్ణి ఆపి, అట్టముక్క మీదున్నది చదివి వినిపించాడు. గుడ్డు గుడ్డే కదండీ అని అతను మామూలు ధరిచ్చి వెళ్లాడు.

మిగిలిన పదకొండట్టలూ మోపెడ్‌కి కట్టుకుని పొద్దుండగానే ఇంటికి చేరాడు. సత్యవేణి బుట్ట పట్టుకుని షెడ్డు దగ్గర నిలబడి ఉంది. ఆ పూట గుడ్లు సర్దడానికి ఖాళీ అట్టలు లేవు.