ఐదు గంటల బస్సూ, ఆఖరు సీనూ

మొన్న ఆదివారం మా ఊరు ఉద్దనపల్లి నుంచి తెచ్చుకున్న కొత్త చింతపండు మూటను ఇవాళ హోసూరులో మా వంటింటి గట్టు మీద విప్పానో లేదో, ఇల్లంతా ఆ పుల్లటి వాసన పట్టేసింది. పక్కన ఫోను టింగు టింగుమంటోంది. మా అపార్ట్‌మెంటు ఆడవాళ్ళ గ్రూపులో నిన్న చూసొచ్చిన కొత్త సినిమా మీద తీర్పులు పడుతున్నాయి. ఒకావిడ రెండు చుక్కలిచ్చింది, ఒకావిడ బొటనవేలు కిందికి దించింది, ఇంకొకావిడ 'ఫస్టాఫ్ ఓకే' అని చేతులు దులుపుకుంది. ఇంతేనా! మూడు గంటల సినిమాకు రెండు మాటలా! మా సరోజత్త ఒక్క సినిమా చెప్పిందంటే రెండు బస్తాల చింతపండుకు గింజ తీయడం అయిపోయేది.

సరోజత్త మా నాయన చెల్లెలు, మా పక్కిల్లే. శివరాత్రితో చలి పోయి, అనపకాయలు అయిపోయి, ఆ గింజల పొట్టు పితికి చేసే పితికిపప్పు పులుసు ఇక వచ్చే ఏటికేనని అందరం నాలుకలు సర్దుకునే రోజుల్లో, రాల్చిన చింతకాయలు మా పంచలోకి గుట్టలు గుట్టలుగా వచ్చిపడేవి. మధ్యాహ్నం సంగటి తిని, వీధిలోని ఆడవాళ్ళంతా తలా ఒక రాయీ, ఒక సుత్తీ తెచ్చుకుని చుట్టూ కూర్చుని, పెంకు ఒలిచి, నార లాగి, టకటకా కొట్టి గింజ తీసేవాళ్ళు. పిల్లలం ఆ గింజలు ఒళ్ళో పోసుకుని గుంటలాట ఆడేవాళ్ళం, కొన్ని వేయించుకుని దవడలు నొప్పి పుట్టేదాకా నమిలేవాళ్ళం, పెద్దవాళ్ళు చూడకుండా పండులో ఉప్పూ మిరపకాయా బెల్లమూ కలిపి దంచి, పుల్లకు గుచ్చి, నాలుక పుండయ్యేదాకా చప్పరించేవాళ్ళం.

అత్త వారానికోసారి బీన్సు గంప ఎత్తుకుని రాయకోట సంతకు పోయేది. గంప ఖాళీ అయ్యాక అక్కడి రేకుల టాకీసులో మధ్యాహ్నం ఆట చూసి, ఐదు గంటల బస్సుకు ఊరు చేరేది. మరునాడు ఆ సినిమా మా పంచలో ఆడేది. తమిళ సినిమా కానీ, కన్నడ సినిమా కానీ, అత్త నోట్లో పడితే హీరో 'యాడికి పోతావురా' అనేవాడు, విలను 'ఈడనే ఉండాను రాప్పా' అనేవాడు. చూసింది ఒక్కతే, తీర్పులు మాత్రం పదిమందివి. సినిమాలో అత్తగారికి అంత నోరెందుకని ఒకామె, హీరోకు మీసం బాగాలేదని ఇంకొకామె. ఆ మీసం వీళ్ళెప్పుడు చూశారో ఎవరూ అడగరు! మా నాయన నన్ను మొట్టమొదట టాకీసుకు తీసుకుపోయిన రోజు, తెర మీద హీరో తమిళంలో మాట్లాడుతుంటే నేను బిత్తరపోయాను. ఇన్నాళ్ళూ మన మాటే మాట్లాడినవాడికి ఉన్నట్టుండి ఏమొచ్చిందని ఏడ్చేశాను కూడా.

వినేవాళ్ళలో మునెమ్మ ఒక్కతే ఏ తీర్పూ చెప్పేది కాదు. ఆమె కూతురు రత్న అంతకు ముందటేడు బోరు వేసే లారీతో వచ్చిన మనిషిని ఇష్టపడి, అతని వెంట బెంగుళూరు పక్కకు వెళ్ళిపోయింది. మునెమ్మ భర్త కిష్టప్ప, మాకు వరసకు మామ, ఆనాటి నుంచి ఆ పిల్ల పేరు ఇంట్లో పలకనియ్యలేదు. వీధి తలుపుకు లోపల ఇనప గడియ కొట్టించి పట్టపగలే వేసుకునేవాడు. 'వస్తే గడప దాటనియ్యను' అని ఊరందరి ముందూ అన్నాడు. మధ్యాహ్నాలు మా పంచ చివర మాకు వీపు పెట్టి కూర్చుని, మా మాటలేవీ తన చెవిన పడనట్టు తాడు పేనుకునేవాడు.

ఉగాది దగ్గర పడుతుండగా అత్త ఒక తమిళ సినిమా చెప్పింది. అందులోనూ ఒక పిల్ల నాయన మాట కాదని ఒకడి వెంట పోతుంది, వాడు చచ్చిపోతాడు, ఆమె చంకలో బిడ్డతో జోరువానలో పుట్టింటి ముందుకొచ్చి తలుపు కొడుతుంది. అక్కడికొచ్చేసరికి మా పంచలో సుత్తులన్నీ ఆగిపోయాయి. మునెమ్మ ముఖం చూడాలంటే నాకు భయమేసింది. అత్త మాత్రం కొంచెం కూడా తడబడలేదు. నాయన లేచినాడు, దీపం చేత పట్టుకున్నాడు, తలుపు తీసినాడు, 'కాళ్ళు కడుక్కో, సంగటి చల్లారిపోతాంది' అన్నాడు, అంతే, అయిపోయింది, అంది.

"అంత సులభంగా ఎట్ల తీస్తాడు? రెండు తగిలించి తీసుండాల" అని ఒక అవ్వ గొడవకు దిగింది. అప్పుడు పంచ చివర నుంచి కిష్టప్ప మామ గొంతు లేచింది. "అంతా అబద్ధం. ఏ నాయనా తీయడు."

మునెమ్మ లేచి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే మామ నాగలి కర్రు సాగదీయించుకొస్తానని రాయకోటకు పోయాడు. ఐదు గంటల బస్సుకు రాలేదు. దీపాలు పెట్టాక ఎప్పుడో మోకాళ్ళ దాకా దుమ్ముతో నడిచొచ్చాడు. కర్రు ఎట్లా పోయిందో అట్లాగే వచ్చింది. మరునాడు తలుపుకున్న గడియ పీకి పెంటదిబ్బ మీద పారేశాడని మునెమ్మ చెబితే మేమెవరం నమ్మలేదు.

ఉగాది రోజు, వీధంతా ఓళిగల, అదే బొబ్బట్ల, వాసనతో ఉన్నప్పుడు, మధ్యాహ్నం బస్సులో రత్న దిగింది. మొగుడు వదిలేసిపోయాడు, చంకలో బిడ్డ. వీధి వీధంతా వాళ్ళ ఇంటి ముందు చేరింది. మామ గుమ్మంలోకొచ్చి, ఆ పిల్లను పైనుంచి కిందిదాకా చూసి, "కాళ్ళు కడుక్కో. సంగటి చల్లారిపోతాంది" అన్నాడు. అత్త చెప్పిన మాటే! పొల్లు పోకుండా అదే మాట! పండగపూట ఆ ఇంట్లో సంగటి వండనే లేదు, పాపం మునెమ్మ ఏడుస్తూనే పొయ్యి దగ్గరికి పరుగెత్తింది.

ఇప్పుడు మునెమ్మ లేదు. మామకు ఎనభై దాటాయి. పోయిన నెల ఊరికెళితే నన్ను పిలిచి, "ఆ సినిమా నీ ఫోన్లో వస్తాదేమో చూడమ్మా, పోయేలోపల ఇంకొక తూరి చూడాల" అన్నాడు. 'ఇంకొక తూరి' అన్నది అప్పుడు నా చెవికెక్కలేదు. అత్తకు గుర్తున్న పాట ముక్క పట్టుకుని వెతికి, ఆ సినిమా దొరికితే, ఈ వంటింట్లోనే నిలబడి చూశాను. ఓరి దేవుడా! ఆ నాయన తలుపు తీయనే లేదు. తెల్లవారి తీసేసరికి కూతురు గడప మీద చచ్చిపడి ఉంది.

అత్తకు ఫోను చేసి చెబితే, "చచ్చిపోయిందా? అయ్యో నా తల్లీ!" అని నిన్ననే జరిగినట్టు అరిచింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆట విడిచేది ఐదుంబావుకు, బస్సు ఐదుకు. "బస్సు వదిలితే ఇంటికెట్ల వచ్చేది మే? నేను ఏ సినిమా ఆఖరు చూసినాను? ఆ పిల్ల తలుపు కొట్టినప్పుడే లేసొచ్చినాను" అంది. నేను నవ్విన, ఏడ్చిన ఆఖరు సీన్లన్నీ ఈ మహాతల్లి బస్సు సీట్లో కూర్చుని అల్లినవా!

ఆ సినిమా మామకు చూపించకూడదనుకున్నాం. ఆయనేమో మూడుసార్లు కబురు పెట్టాడు. చివరికి తలుపు దగ్గర ఆపేద్దాం, మిగతాది అత్తే చెప్పాలి అని ఒప్పందం చేసుకున్నాం. మొన్న ఆదివారం ఆ పంచలోనే ఫోనును చెంబుకు ఆనించి పెట్టాను. రేకుల టాకీసు ఇప్పుడు టమోటా పెట్టెల గోడౌను, ఐదు గంటల బస్సు ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ గుర్తులేదు, వీధిలో ఒక్క సుత్తి చప్పుడు లేదు. తెర మీద వాన మొదలైంది, పిల్ల తలుపు కొట్టింది, నేను ఆపాను, అత్త దీపమూ సంగటీ అన్నీ వరసగా చెప్పేసింది.

మామ అత్త వైపు తిరిగాడు. "అప్పుడు నీ మాట నమ్మకనే రాయకోటకి పోయి చూసినాను సరోజా" అన్నాడు. "ఆఖరుదాకా కూర్చున్నా. ఆయప్ప తలుపు తీయలేదు. బస్సు పోయింది, నడిచొచ్చినా. దోవంతా నా కండ్ల ముందర ఆ గడపే."

అత్తా నేనూ ముఖాలు చూసుకున్నాం. నలభై ఏళ్ళుగా ఈ మనిషి ఈ మాట కడుపులో పెట్టుకున్నాడా! ఊరంతా ఆ సినిమా నాయన తలుపు తీశాడు, తీశాడు అంటుంటే, తానే సరిగ్గా చూడలేదేమోనని ఇన్నేళ్ళూ అనుమానమట.

"నువ్వు చెప్పమ్మా. తీసినాడా, లేదా?" అని నా వైపు తిరిగాడు. నేను ఫోనును బోర్లించాను.

గుమ్మంలో రత్నక్క కాఫీ లోటాతో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో. వచ్చి నాయన పక్కన కూర్చుంది.

"ఆయప్ప సంగతి మనకెందుకు నాయనా? నువ్వు తీసినావు కదా" అంది. "తాగు, కాఫీ చల్లారిపోతాంది."