ఏటి సూతకంలో ఇనారి గుడికి

బెంగళూరు పీణ్యలో మా వర్క్‌షాపు వాళ్ళు జపాన్ లేతు మిషన్ కొని, పని నేర్చుకు రమ్మని నన్ను ఒసాకా పంపారు. బయల్దేరేముందు దొడ్డబళ్ళాపురం నుంచి అక్క ఫోన్ చేసింది. గిరిజ పోయి ఏడాది కాలేదు, ఎక్కడా గుడి గడప తొక్కొద్దని గట్టిగా చెప్పింది. గిరిజ నా భార్య. మనిషి పోయినప్పుడే కదా దేవుడు కావాల్సింది, అప్పుడే తలుపేస్తే ఎవరితో చెప్పుకోవాలి? అక్కతో ఆ మాట అనలేక లోలోపలే మండిపడ్డాను.

ఆదివారం సెలవు. ఏడున్నరకి ఒసాకాలో రైలెక్కి క్యోటోలో దిగి, నారా లైను బండికి మారాను. రెండో స్టేషనే ఇనారి. అన్నిచోట్లా ఆగే బండే ఎక్కండి, వేగంగా పోయేది అక్కడ ఆగదు. స్టేషన్ ఎదురుగానే పెద్ద ఎర్ర తోరణద్వారం, రాతి నక్కల కాపలా. వరిపంట దేవుడి పాత గుడి ఇది. లోపలికి టికెట్టు లేదు. అయినా అక్క మాట గుర్తొచ్చి బయటే నిలబడిపోయాను.

పక్కన బెంచీ మీదున్న పెద్దావిడ, లోపలికెందుకు పోలేదని ఫోన్లో అనువాదం పెట్టి అడిగింది. ఆఫీసులో ఎవరికీ చెప్పుకోని సంగతంతా ముక్కూమొహం తెలియని ఆమెకు చెప్పేశాను. ఆమె ఫోనులోకి ఏదో చెప్పి నాకు చూపించింది.

"మాకూ ఆ పట్టింపు ఉంది. యాభై రోజులే. మీకు తీరిపోయింది, రండి."

నీళ్ళ తొట్టి దగ్గర గరిటెతో తీసుకుని తీర్థంలా తాగబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. చేతులు కడిగి, నోరు పుక్కిలించి ఉమ్మేయాలట. ఆమె నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది, చాలా నెలల తర్వాత.

రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మనసులో పేరూ ఊరూ చెప్పుకుని మొక్కుకోవాలి. మన గుళ్ళో అర్చనకి ఇవన్నీ గిరిజే చెప్పేది. అదే వరసలో గోత్రం, నా పేరు, గిరిజ పేరు, మా ఊరు సర్జాపుర అనేసుకున్నాను. పోయినవాళ్ళ పేరున అర్చన చేయించరని తర్వాత తట్టింది. ఇక కోరుకోవడానికేమీ తోచక ఏడ్చాను. పెద్దావిడ వాళ్ళ పద్ధతిలో నాకు వంగి నమస్కరించి వెళ్ళిపోయింది.

గుడి వెనక వరసగా నిలిపిన ఎర్ర తోరణాల కింద కొండపైదాకా ఒక్కణ్ణే నడిచాను. కింద హోటల్లో నూడుల్స్ బాగున్నాయి. శాకాహారులు అడిగి తినండి, పులుసులో చేప వేస్తారు. ఇద్దరు కూర్చునే బల్ల ఇచ్చారు.

తిరుగు ప్రయాణంలో, బెంగళూరు విమానాశ్రయం నుంచి బస్సులో వస్తుంటే అక్క ఫోన్. దూరమెంతైనా వెళ్ళి రాదగ్గ చోటే అని ఆమెకూ చెప్పాను. గుడికే పోయినావా అని కసిరి, ఎవరి పేరున మొక్కినావని అడిగింది.

"మా ఇద్దరి పేరునా."

అక్క, బస్సు ఎక్కడిదాకా వచ్చిందని అడిగింది.

"ఇల్లు ఖాళీగా ఉండాది. తాళం తీసేటప్పుడు ఫోన్ చెయ్యప్పా, నువ్వు లోపలికి పోయి లైటేసేదాకా మాట్లాడతాంటా."