కోసాడ్ దాటాక వచ్చే నీళ్ళు

ఈ ఉదయం ఊరి శివారులోని కోసాడ్ కాలనీలు దాటి, కాలువ గట్టు చివర బైక్ ఆపగానే సైలెన్సర్‌కి అంటుకున్న తడి బురద మాడే వాసన వచ్చింది. ఎదురుగా మడుగులో తెడ్డుమూతి కొంగలు తలలు అటూ ఇటూ ఊపుతూ నీళ్ళలో తిండి వెతుకుతున్నాయి. కెమెరా బయటికి తీయకుండా కాసేపు అలాగే కూర్చున్నాను. ఊరికి అవతలి వైపు డిండోలిలో మా అపార్ట్‌మెంట్ మెట్ల కింద ఆదివారం మధ్యాహ్నాలు ఇదే వాసన ఉండేది. అప్పుడే తిరిగొచ్చిన వెంకటస్వామి గారి బండి నుంచి వచ్చేది అది.

ఆయన మా కింది అంతస్తులో ఉండేవారు. కాజీపేట మనిషి. రైల్వేలో లోకో పైలట్‌గా చేరి, ఉద్యోగంలో ఎక్కువ భాగం కోసాడ్ మీదుగా పోయే లైను మీదే గూడ్సు బండ్లు నడిపి, ఈ గుజరాతీ ఊళ్ళోనే రిటైరయ్యారు. పదవీ విరమణ డబ్బుతో తోటివాళ్ళందరూ ఫ్లాటు కొన్నారు. ఆయన ఫ్లాటుతో పాటు పొడుగు లెన్సున్న కెమెరా కూడా కొన్నారు. ఆదివారాలు తెల్లవారగానే పాత బైక్ మీద ఒక్కరే బయలుదేరి, ఓల్పాడ్ వైపు చెరువులూ చిత్తడి నేలలూ తిరిగి, కొంగలనూ బాతులనూ ఫోటోలు తీసుకుని వచ్చేవారు. తోడు వస్తామన్న వాళ్ళని నవ్వి పంపేసేవారు.

ఒక వర్షాకాలం చివర బంకమట్టి మీద బండి జారి కుడి భుజం ఎముక విరిగింది. బండి కాలి మీద పడి లేవలేక చాలాసేపు అక్కడే ఉన్నారు. గేదెలు తోలుకొచ్చిన ఒకాయన చూసి లేపారట. కట్టు విప్పాక చికిత్సకి నా దగ్గరికే వచ్చారు. నేను ఫిజియోథెరపిస్టుని, అప్పటికి నా సొంత క్లినిక్ తెరిచి ఎంతో కాలం కాలేదు. చెప్పిన వ్యాయామాలన్నీ పంతులు చెప్పిన ఎక్కాల్లా శ్రద్ధగా చేసేవారు.

ఒకరోజు ఆయన భార్య సుగుణ ఆంటీ ఒక్కతే వచ్చింది. ఆ చేయి ఇక బండి నడపడానికి పనికిరాదని ఆయనతో చెప్పమంది. అది నిజం కాదని ఆమెకీ తెలుసు.

"ఆయన డ్యూటీకి పోతె తలుపు దిక్కు చూసుకుంట కూసున్న బిడ్డా, ఉద్యోగం ఉన్నన్ని రోజులు. ఇప్పుడు గుడ గట్లనే కూసోవాల్నా?" అంది.

ఆలోచిస్తానన్నాను. ఆలోచించాను కూడా. ఒక్క చిన్న అబద్ధంతో ఒక ఇంట్లో మనశ్శాంతి వస్తుందంటే చెప్పేస్తే తప్పేముంది అనిపించింది. మర్నాడు ఆయన చేయి పట్టుకుని పైకి లేపిస్తూ, ఇంత కష్టపడి మళ్ళీ అక్కడికే ఎందుకు, పోనీ ఎవరినైనా వెంట తీసుకెళ్ళొచ్చుగా అని అడిగాను.

"ఇంజన్ల ఏది కనవడ్డా నోటితోని చెప్పాలెనమ్మా. సిగ్నల్ అవుపడితె నేను చెప్పాలె, పక్కన అసిస్టెంటు మళ్ళ చెప్పాలె. రూలు అది. కోసాడ్ దాటినంక నీళ్ళు, ఆ నీళ్ళ నిండ పిట్టలు. రోజు చూసేటోణ్ణి. ఆపరాదు, దిగరాదు. ఇప్పుడు ఆగుత. చూసి ఊకుంట. పక్కన మనిషుంటె మళ్ళ చెప్పాల్సొస్తది గద."

ఆ సాయంత్రం నేనే కిందికి వెళ్ళి, అబద్ధం చెప్పలేనని ఆంటీకి చెప్పాను. భుజం బాగైతే బాగైందనే చెబుతాననీ, పూర్తిగా బలం వచ్చేదాకా మాత్రం బండి తాళం ఇవ్వొద్దనీ అన్నాను. ఆమె తల ఊపింది గానీ ఆ తర్వాత కొన్ని వారాలు మెట్ల మీద ఎదురుపడితే ముఖం తిప్పుకునేది.

భుజానికి బలం వచ్చి, గట్లన్నీ ఎండాక ఆయన మళ్ళీ బయలుదేరారు. ఆ పొద్దున ఆంటీ నన్ను పిలిచి టీ ఇచ్చింది. వెళ్ళిపొమ్మనలేదు కాబట్టి కూర్చున్నాను. ఎండ ముదిరాక ఆయన వచ్చారు. ఆమె కెమెరా అందుకుని ఫోటోలు ఒక్కొక్కటే చూడసాగింది. ఆమె చేతివేళ్ళు చకచకా బటన్లు నొక్కడం చూస్తే, ఇది ప్రతి ఆదివారం జరిగే పనేనని అర్థమైంది. ఒకచోట ఆగి, ఈ పిట్ట సగమే పడిందేమిటని అడిగింది. ఎగిరిపోయిందన్నారాయన. అన్ని వారాల తర్వాత ఆమె మొదటిసారి నా వైపు చూసి నవ్వింది.

ఆ మరుసటి ఏడు నేను బైక్ కొన్నాను. తీసుకెళ్తారేమోనని ఆశపడ్డాను. దారి చెప్పారు, నల్లగా మెరిసే బంక మీదికి పోవద్దన్నారు, అంతే. మొదటిసారి వెళ్ళొచ్చి వందల కొద్దీ ఫోటోలు చూపిస్తే ఓపికగా అన్నీ చూశారు. "మంచిగున్నయ్. మరి నువ్వేమన్న చూసినవా?" అన్నారు. కోపం వచ్చింది. తర్వాతిసారి మాత్రం కెమెరా సంచిలోనే ఉంచి గట్టు మీద కూర్చున్నాను. నీటికోడి ఒకటి పిల్లలని తుంగలోకి నడిపించుకుపోయింది. దాని ఫోటో నా దగ్గర లేదు.

ఆయన పోయి రెండేళ్ళు దాటింది. జ్వరంతో మొదలై ఊపిరితిత్తులకి పాకింది. బైక్ ఎవరో కొనుక్కున్నారు. క్లినిక్‌కి వచ్చిన ప్రతి మనిషినీ నొప్పి ఎక్కడని అడిగే ముందు, బాగయ్యాక మొదట ఏం చేయాలనుకుంటున్నారని అడగడం నాకు ఆయన వల్లే అలవాటైంది. ఇంటివాళ్ళు ఏం కోరుతున్నారన్నది తర్వాత వింటాను.

పోయిన చలికాలం సుగుణ ఆంటీ మోకాలి నొప్పితో వచ్చింది. ఆమెనీ అదే అడిగాను.

"ఆ నీళ్ళ కాడికి పోవాలె. ఒక్కసారి గుడ పోలే నేను" అంది.

మోకాలు కుదుటపడ్డాక ఒక ఆదివారం నా బైక్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాను. గట్టు మీద నిలబడి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, చాలాసేపు చూసింది. నేను కొంచెం ఎడంగా నిలబడ్డాను. ఏవి ఏ పిట్టలో నాకు తెలుసు. ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.