బండి తోలినాయన

పాత సినిమా ఫోటోలు సేకరిస్తుంటాను. ఆ రోజు కామారెడ్డి అంతా తిరిగితే దొరికింది ఒకే ఒక్క ఫోటో. అందులోనూ సరిగ్గా హీరో ముఖం మీదే మడత. ఎల్లారెడ్డి బస్సులో దాన్ని చూసుకుంటూ విసుక్కుంటుంటే, పక్కన కూర్చున్న ముసలావిడ హీరో వెనకున్న ఎడ్లబండి మీద వేలు పెట్టింది.

“గీయన మా బాపు. షూటింగుల బండి తోలిండు. ఇంట్ల ఒక్క ఫోటో లేదు.”

నేను నోరు తెరిచేలోపే కొంగుముడి విప్పి, కుంకుమ తీసి, బండి తోలుతున్న మనిషి నుదుట బొట్టు పెట్టి దండం పెట్టుకుంది.

“ఖరాబు చేసినవు గదా అవ్వా,” అన్నాను కోపంగా.

“బొట్టు పెడితే ఖరాబైతదా బిడ్డా?”

ఇప్పుడు ఫోటో చూసినవాళ్లంతా మడత సంగతి వదిలేసి, ఆ ఎర్ర మరక పోదా అని ప్రాణం తీస్తారు. మెత్తని గుడ్డతో తుడిస్తే పోతుంది. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పను.