తొమ్మిది నల్ల చంకగుడ్డలు

సారింతెన్ అక్క గురించి చెప్పాలంటే ముందు ఆమె నాలుక గురించి చెప్పాలి. అది ఎప్పుడూ కాచు నమిలినట్టు గోధుమరంగులో ఉండేది. రంగునీళ్ళు సరిగ్గా దిగాయో లేదో మిగతా అద్దకం వాళ్ళు కంటితో చూస్తే, ఆమె వేలు ముంచి నాలుకకి రాసుకునేది. నాలుక ముడుచుకుపోయి బుగ్గలు లోపలికి లాగితే వగరు చాలినట్టు. లేకపోతే ఇంకో బుట్టెడు తొక్కలు పడాలి. ఆ తొక్కలు తెచ్చేవాణ్ణి నేనే కాబట్టి, నాలుక ఇచ్చిన తీర్పుని బట్టి నాకు టీ అయినా దొరికేది, తిట్లయినా దొరికేవి.

నా పేరు సుగిమన్. ఇమోగిరి సంతలో పళ్ళమ్ముతాను. మాంగోస్టీన్ కాలంలో జనం తిని పారేసిన తొక్కలు ఏరి, గోనెల్లో కుక్కి, సైకిలు వెనక కట్టుకుని ఓయా నది ఒడ్డున ఉన్న ఆమె ఇంటికి చేర్చేవాణ్ణి. ఆ కాలం పోతే తానికాయల పైతొక్క, అదీ లేనప్పుడు మడచెట్టు బెరడు. మా వైపు పేర్లు పొడుగ్గా పెట్టుకుంటాం కానీ పిలిచేటప్పుడు తోక ఒక్కటే పట్టుకుంటాం. నేను ఆమెని తెన్ అక్కా అనేవాణ్ణి, ఆమె నన్ను మన్ అనేది. కోపమొస్తే మాత్రం మా నాన్న పేరు కూడా కలిపి పూర్తిగా పిలిచేది.

అద్దకం ఆమె భర్త పోయాక అత్తగారి దగ్గర నేర్చుకున్న పని. గోచీ గుడ్డ నుంచి పెళ్ళిచీర దాకా ఏదైనా అద్దగలదు కానీ, ఆమె అద్దింది ఎక్కువగా చంకగుడ్డలే. మా ఊళ్ళో ఆడది బిడ్డని ఒక చేత్తో ఎత్తుకుని రెండో చేత్తో పని చేసే రకం కాదు. పొడవాటి నూలుగుడ్డ భుజం మీదుగా వేసి, ముడి బిగించి, బిడ్డని అందులో కూర్చోబెట్టి, రెండు చేతులూ ఖాళీ చేసుకుంటుంది. ఆ ముడి బరువంతా గుడ్డే మొయ్యాలి. తెన్ అక్క అద్దిన గుడ్డలో పెరిగిన పిల్లలు పెద్దవాళ్ళై తమ పిల్లల్ని కూడా అదే గుడ్డలో మోసుకునేవాళ్ళు. ఆ సంగతి ఎవరైనా ఆమె ముందు ఎత్తితే ఆ పూట ఆవిడ నడకే మారిపోయేది. అలాంటి పొగడ్త కోసం మనిషి ఏం చేస్తాడో నాకు అప్పటికి తెలీదు.

ఆమె పద్ధతి చాదస్తం. గుడ్డని కుంకుడు నీళ్ళలో ఉతికి గంజి వదిలించేది. తొక్కల రసంలో ముంచి నీడలో ఆరేసేది. ఆరాక మళ్ళీ ముంచేది. అలా ఏడుసార్లు. చివర్న ఇనుపనీళ్ళు. అంటే తుప్పు మేకులు, విరిగిన కొడవళ్ళు, తాటిబెల్లం, బియ్యం కడుగు కలిపి జాడీలో నెలలపాటు పులియబెట్టిన నీళ్ళు. గోధుమరంగు గుడ్డ అందులో పడితే చూస్తుండగానే నల్లబడుతుంది. ఆమె ఇరవై లెక్కపెట్టి తీసేసేది, నదిలో పది జాడింపులు జాడించేది. "ఇనుము ఉప్పులాంటిదిరా మన్, ఎక్కువైతే వెనక్కి తియ్యలేం," అనేది. తనే అన్నది.

ఆ ఏడు వాన ఆగలేదు. మా వైపు వానలు పడే పుష్యమాసం అంతా ఆకాశం చిల్లు పడినట్టే కురిసింది. అదే సమయంలో నదికవతలి లస్మికి ఏడో నెల స్నానం పెట్టారు. దానికి ఏడు రోజుల వారమూ, అయిదు రోజులకోసారి తిరిగే సంత లెక్కా రెండూ కుదరాలి. అలాంటి రోజు ముప్పై అయిదు రోజులకొకసారి వస్తుంది. దాటిపోతే ఎనిమిదో నెల పడుతుంది, ఎనిమిదిలో చెయ్యరు. గర్భిణికి ఏడు గుడ్డలు ఒకటి తర్వాత ఒకటి కట్టి చూపిస్తారు. ఆరింటికీ చుట్టూ ఉన్న ఆడవాళ్ళు "కుదర్లేదు!" అని అరుస్తారు, ఏడోదానికి "కుదిరింది!" అంటారు. ఆ ఏడోది మామూలు నేతగుడ్డ అయి ఉండాలి. పుట్టాక బిడ్డని మోసేదీ అదే. అది అద్దమని తెన్ అక్కకి అప్పగించారు.

మూడు ముంపులయ్యాయి. మూడోది నాలుగు రోజులైనా ఆరలేదు. స్నానానికి ఇంకా రెండు రోజులే ఉంది. గుడ్డ చూస్తే పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. అప్పుడు ఆమె ఆ గుడ్డని పొద్దున్నే ఇనుపనీళ్ళలో పడేసి, మధ్యాహ్నం దాకా వదిలేసింది. నేను తొక్కలు దించుతూ చూశాను. తీసినప్పుడు ఎలా ఉందంటే, నల్లటి నలుపు. మా ఊళ్ళో ఎవరూ అద్దని నలుపు.

స్నానం రోజు ఏడో గుడ్డ కట్టగానే ఆడవాళ్ళు వేసిన కేక అవతలి గట్టుకి వినిపించింది. లస్మి అత్తగారైతే గుడ్డ అంచు పట్టుకుని, "తెన్, ఇన్నాళ్ళూ ఈ నలుపు ఎక్కడ దాచావే? ముసలిదాన్నయ్యాక చూపిస్తున్నావు!" అంది. ఆ వారంలోనే ఇంకో ముగ్గురు అలాంటిదే కావాలని వచ్చారు. వానాకాలం అయ్యేసరికి, లస్మిదానితో కలిపి, అలాంటివి తొమ్మిది అద్దింది. తొమ్మిదోది తన కూతురు వినార్తికి.

తర్వాత రెండేళ్ళకి వినార్తి ఆ గుడ్డ నదిలో ఉతికి పిండుతుంటే మడత దగ్గర జానెడు చీలింది. నవ్వుతూ తెచ్చి చూపించింది. నేనక్కడే ఉన్నాను.

"చూడమ్మా, నీ గుడ్డక్కూడా ముసలితనం వచ్చింది."

తెన్ అక్క నవ్వలేదు. గుడ్డ అందుకుని వెలుగులోకి తీసుకెళ్ళింది. ఒక పోగు లాగి రెండు వేళ్ళ మధ్య నలిపింది. పోగు పోగులా లేదు, నల్లటి పొడి అయింది. ఇనుము నూలుని లోపల్నుంచి తినేసింది. ఆమె అరుగు మీద కూర్చుండిపోయింది.

"మిగతా ఎనిమిదీ ఇంతే," అంది.

"ఏ ఎనిమిది?" అంది వినార్తి. కాసేపటికి అర్థమైంది దానికి. "అమ్మా, నీకు దణ్ణం పెడతా, నోరు మూసుకో. పాతగుడ్డ చిరుగుతుంది, ఎవరైనా వచ్చి అడుగుతారా? నువ్వే వెళ్ళి చెప్పుకుంటే రేపట్నించి నీ గడప ఎవడు తొక్కుతాడు?"

"తొక్కకపోతే తొక్కకపోనీ. అందులో పిల్లలు కూర్చుంటున్నారే."

"అయితే నువ్వే పో. నేను రాను, నాకు సిగ్గు."

మర్నాడు పొద్దున తెన్ అక్క నా పళ్ళబండి దగ్గరకొచ్చింది. "మన్, సైకిలు తియ్యి," అంది. వ్యాపారం వదిలేసి వెనక్కాల ముసలమ్మని ఎక్కించుకుని ఊరంతా తిరగడం నాకేం సరదా కాదు. ఆ మాటే అన్నాను కూడా. నా పేరూ మా నాన్న పేరూ కలిపి పిలిచింది. తీశాను.

మొదటి ఇంట్లో ముసలావిడ చెవులు అప్పగించి అంతా విని, "అద్దిన గుడ్డ తిరిగి అడిగే మనిషిని నా జన్మలో చూళ్ళేదు. మా మనవణ్ణి కూడా తీసుకెళతావా?" అంది. రెండో ఇంట్లో తలుపే తియ్యలేదు, కిటికీలోంచి మాట్లాడారు. దార్లో నేనే సలహా ఇచ్చాను.

"అక్కా, నూలు మంచిది కాదని చెప్పొచ్చుగా. ఎవరడుగుతారు?"

"నూలుకి నోరు లేదని దాని మీదకి తోసేస్తావా?" అంది. మూడో ఇంట్లోనూ అదే మాట చెప్పింది: "తప్పు నాది. ఇనుపనీళ్ళలో ఎక్కువసేపు ఉంచాను."

అసలు చిక్కు వేరు. మా దగ్గర బిడ్డ మొదటి గుడ్డని ఇల్లు దాటనివ్వరు. జ్వరమొస్తే అదే కప్పుతారు. ఎంత చిరిగినా, ఎంత మాసినా సరే. ఎవరూ ఇవ్వడానికి ఒప్పుకోలేదు. అప్పుడు తెన్ అక్క కత్తెర తీసి ప్రతి గుడ్డలోంచి మూరెడు ముక్క కోసి తల్లి చేతిలో పెట్టింది. "జ్వరానికిది చాలు. మొయ్యడానికి మాత్రం వద్దు," అంది. ఆ ఉపాయం నాకు నచ్చింది. రెండు రోజుల్లో ఏడు గుడ్డలు నా సైకిలు మీదకొచ్చాయి. ఆ రెండు రోజులతోనే ఆమె పని కూడా అయిపోయింది. ఆ తర్వాత చచ్చేదాకా, అంటే ఇంకో పదకొండేళ్ళు, ఆమెని చంకగుడ్డ అద్దమని అడిగినవాళ్ళు లేరు. తువ్వాళ్ళూ, దిండుగలేబులూ అద్దుకుని బతికింది. ఇది ఊరు చేసిన అన్యాయమని నేననను. నాకు మనవరాలు పుట్టినప్పుడు నేనూ ఆమె దగ్గరికి వెళ్ళలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇంక మిగిలిన ఎనిమిదోది లస్మిది. లస్మి సోయా పప్పు పులియబెట్టి తెంపే అనే బిళ్ళలు చేసి సంతలో అమ్ముతుంది. పొద్దున్నే నెత్తిన బుట్ట, చంకలో రెండేళ్ళ పిల్ల, వెదురు వంతెన మీదుగా ఓయా దాటి రావాలి. వంతెన కింద రాళ్ళు. ఆమెది చివరికెందుకు మిగిలిందంటే, మొదటి రెండు రోజులూ ఆమె పుట్టింటికి వెళ్ళింది. మూడో రోజు మేం వెళ్ళేసరికి అప్పుడే తిరిగొచ్చి, పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గుడ్డ భుజానే ఉంది.

విషయం విని లస్మి నవ్వింది. "అత్తా, ఇది నా దగ్గరున్న వాటిల్లోకల్లా మంచి గుడ్డ. ఇప్పటిదాకా పిల్లని ఇందులోనే మోశాను."

"అందుకే వచ్చాను."

"అయితే చింపి చూపించు."

గుడ్డ విప్పి ఇచ్చింది. తెన్ అక్క రెండు చేతులతో పట్టుకుని లాగింది. చిరగలేదు. మళ్ళీ లాగింది. లస్మి అత్తగారు లోపల్నుంచి, "వయసైపోయింది, తెన్. గుడ్డకి కాదు, నీకు!" అని ఎకసెక్కెం చేసింది. నాకు కూడా, ఇది ఒక్కటీ గట్టిదేమో, ఇంటికి పోదామనిపించింది.

"చెంబుతో నీళ్ళియ్యి," అంది తెన్ అక్క.

రెండేళ్ళుగా భుజం మీద ముడి కూర్చునే చోటు వెతికింది. అక్కడ నీళ్ళు పోసింది. బొటనవేలు పెట్టి నొక్కింది. వేలు అవతలికి వెళ్ళిపోయింది. చప్పుడు కూడా కాలేదు. రెండో వేలు పెట్టి పక్కకి జరిపితే తడిసిన కాగితంలా విడిపోయింది.

 పిల్ల చేతిలో తెంపే ముక్క నలుపుతూ ఆడుకుంటోంది. లస్మి దాన్ని గట్టిగా దగ్గరికి లాక్కుంది.

"నీకెప్పుడు తెలిసింది?" అంది.

"మొన్న. మా అమ్మాయి గుడ్డ చీలినప్పుడు." తెన్ అక్క విడిపోయిన చోటు మడిచి పట్టుకుంది. "కాదు. ఆ రోజే తెలుసు. జాడీలోంచి తీశాక కొస నోట్లో పెట్టుకుని చూశాను. వగరు లేదు, అంతా తుప్పే. పారేసి వేరే గుడ్డ మొదలెట్టాల్సింది. కానీ ఆ నలుపు చూశాక మనసొప్పలేదు. మీరంతా అరిచిన అరుపు విన్నాక ఇంక అసలే ఒప్పలేదు. ఇంకా ఎనిమిది అద్దాను."

ఈ మాట నాక్కూడా కొత్త. రెండు రోజులు ఇంటింటా "ఎక్కువసేపు ఉంచాను" అని చెప్పింది కానీ, తెలిసే ఇచ్చానని ఎక్కడా చెప్పలేదు. నాకు ఒళ్ళు మండింది. సైకిలు తొక్కించిన కోపం కూడా అందులో కలిసిందేమో. కానీ ఆమె మొహం చూశాక చెంబు తీసి పక్కన పెట్టాను.

లస్మి వంతెన వైపు చూస్తూ, "రెండేళ్ళు," అంది. అంతే అంది.

"రేపట్నించి కొత్తది మొదలెడతానే. ఏడు ముంపులూ వేస్తాను. ఎండలు బాగున్నాయి, పది రోజుల్లో..."

"వద్దత్తా." కోపంగా కాదు. పెరుగు ఇంకొంచెం వేస్తానంటే వద్దన్నట్టు అంది. "నీ చేతిది వద్దు."

లోపలికెళ్ళి మడత విప్పని గుడ్డ ఒకటి తెచ్చింది. సంతలో కొన్నది, మిల్లు గుడ్డ, మిషను మీద అచ్చేసిన పెద్ద పెద్ద గులాబీపూలు. తెన్ అక్క అలాంటి వాటిని జన్మలో ముట్టుకోలేదు. అవి కనబడితే మొహం తిప్పుకునేది.

చెయ్యి చాపి అడిగింది. లస్మి ఇచ్చింది. ఆమె దాన్ని వెలుగుకి పట్టి చూసింది. అంచు తడిపి బొటనవేలితో నొక్కింది. రెండు కొసలూ చేతులకి చుట్టుకుని బలం కొద్దీ లాగింది. మూడుసార్లు లాగింది.

"గట్టిదే," అంది.

లేచి ఆ పూలగుడ్డని లస్మి భుజం మీద వేసి, వెనక నుంచి తిప్పి, ముడి బిగించింది. పిల్లని ఎత్తి అందులో కూర్చోబెట్టింది. ముడి మళ్ళీ చూసింది. పిల్ల కుదురుగా కూర్చుని తల్లి రవిక పట్టుకుంది. తెన్ అక్క మాత్రం పిల్ల కింద పెట్టిన చెయ్యి తియ్యలేదు. అలాగే నిలబడింది, ఎంతసేపో.

"ఇంక వదులత్తా," అంది లస్మి. "పట్టుకున్నాను."