స్కాచ్, జిన్, మా మామ ముక్కు

నేను హైదరాబాద్‌లో ఒక హోటల్ బార్‌లో డ్రింకులు కలిపే పని చేస్తాను. పిల్లనిచ్చిన మామది గిద్దలూరు దగ్గర పల్లె. చర్చిలో సంఘపెద్ద, జీవితంలో మందు చుక్క ముట్టని మనిషి. పెళ్లి మాటలప్పుడు నా ఉద్యోగం సంగతి విని, చేతిలో టీ తాగకుండానే కింద పెట్టేశాడు.

పోయిన ఎండాకాలం సెలవు పెట్టి అత్తగారింటికి వెళ్లాను. సంచిలో నాలుగు చిన్న సీసాలున్నాయి. రెండు స్కాచ్, రెండు జిన్. వాటిని కలిపి మా బార్‌కు కొత్త డ్రింకు ఒకటి తయారు చేయాలి. నేను చేసినవి మూడు అప్పటికే మా మేనేజరుకు నచ్చలేదు.

ఆ మధ్యాహ్నం మామ చర్చికి వెళ్లాడనుకుని, పెరట్లో నీళ్లతొట్టి గట్టు మీద సీసాలు పెట్టాను. జిన్ ఎక్కువ, స్కాచ్ తక్కువ, నిమ్మరసం, తేనె, దుకాణం నుంచి తెచ్చిన సోడా, ఐసు. కలిపి గ్లాసులో పోశానో లేదో, వెనక చెప్పుల చప్పుడైంది.

"ఏంది అల్లుడా అది?"

దాచడానికి చోటు లేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. తిట్లు తప్పవనుకున్నాను. ఆయన గ్లాసు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"పొగవాసన వస్తాంది. కట్టెపొగ గాదు. మట్టి కాలినట్టుంది."

సరిగ్గా పట్టేశాడు. ఆ స్కాచ్‌కు వాడే బార్లీని పీట్ అనే బురదమట్టి కాల్చి, ఆ పొగలో ఆరబెడతారు. ఆ తేడా పట్టుకోవడం నాకు ఎన్నో నెలలకు గానీ రాలేదు. మామ మాత్రం వయసులో ఉన్నప్పుడు పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో కూలికి పోయి, ఏళ్ల తరబడి పొయ్యిలో మొద్దులు ఎగదోసినవాడు.

"నిమ్మకాయ పిండినావు గదా, యాడుంది? పొగ మింగేసింది."

పొగ లేని మెత్తటి స్కాచ్‌తో మళ్లీ కలిపాను. ఈసారి ఆయన గట్టు మీద కూర్చుని మరీ వాసన చూశాడు.

"ఇప్పుడు అంతా చెట్టుబంక వాసన. విస్కీ ఉన్నట్టే లేదు."

నిజమే. ఆ జిన్‌లో జునిపర్ కాయల ఘాటు ఎక్కువ. స్కాచ్ మెత్తనిదైతే దాని ముందు నిలవదు. నారింజ తొక్కల వాసనుండే రెండో జిన్ తీసి, అందులో నిమ్మరసం, తేనెతో పాటు ఆ పొగ స్కాచ్ ఒక్క చెంచా వేశాను. మామ కళ్లు మూసుకున్నాడు.

"ఆఁ! నిమ్మతోటకు అవతల ఎవురో మంట బెట్టినట్టుంది. ఇది బాగుంది."

గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, మళ్లీ ఆయన చేతికిచ్చాను. పొగ, పులుపు, తీపి, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆనందం పట్టలేక మామను కావలించుకున్నాను. అప్పుడే అత్తమ్మ బయటికి వచ్చింది.

"అయ్యో, సంఘపెద్ద చేతిలో గ్లాసేంది!"

"తాగలేదే! వాసన జూసినా, అంతే!" అని మామ కంగారుగా లేచాడు. ముగ్గురం పడీపడీ నవ్వాం. మిగిలిన నిమ్మరసం, తేనె, సోడా కలిపి వాళ్లిద్దరికీ ఇచ్చాను.

ఆ డ్రింకు మా బార్ మెనూలోకి ఎక్కింది. మొదటి రోజే మామకు ఫోన్ చేశాను.

"తాగినోళ్లు ఏమన్నారు?"

"ఇంకోటి అడిగినారు మామా."

ఆయన ఎంత గట్టిగా నవ్వాడంటే, ఫోన్ చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది.